పన్నెండు వేల జీతం, తొమ్మిది వేల కిస్తీ

మొన్న ఆదివారం మా ఆడపడుచు బిడ్డను తీసుకొని బోధన్ నుంచి వచ్చింది. పిల్ల ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో ర్యాంకు దూరంగా ఆగిపోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ ఎంఎల్‌టీ సీటు ఇస్తామంటున్నారట. అంటే ల్యాబ్ టెక్నాలజీ. మూడేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి లక్ష.

"లోన్ తీస్తం వదినా. నాలుగు లక్షల దాంక జమానతు అడగరట. సదువైనంక పిల్లే కట్టుకుంటది" అంది.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. పాలలెక్క రాసే నోటుబుక్కు తీశాను. నేను చదివింది తెలుగు బీఏ, వడ్డీ లెక్కలు నాకెవరూ నేర్పలేదు. ఇరవై ఏళ్లుగా ఇల్లు నడపడమే నేర్పింది.

వడ్డీ నూటికి ఏడాదికి పది అనుకున్నాం. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకుంటారు. చదువు నాలుగేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదంటే వడ్డీ ఆగినట్టు కాదు. మొదటి లక్షకు ఐదేళ్ల వడ్డీ యాభై వేలు, రెండో లక్షకు నలభై, మూడోదానికి ముప్పై, నాలుగోదానికి ఇరవై. మొత్తం లక్షా నలభై వేలు. అసలుతో కలిపి ఐదు లక్షల నలభై వేలు. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు తొమ్మిది వేలు. చివరికి చేతి నుంచి పోయేది ఏడున్నర లక్షలు.

వడ్డీ రాయితీ పథకాలున్నాయి గదా అంటారు. ఉన్నాయి, కానీ ప్రతి కాలేజీకీ వర్తించవు. సీటు తీసుకున్నాక కాదు, ముందే బ్యాంకులో అడగాలి.

ఇక జీతం. మా వీధిలో ఒకమ్మాయి ఇదే చదువు చదివి నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేస్తోంది. పొద్దున ఏడింటికి పోతే రాత్రికి గానీ రాదు. పన్నెండు వేలు. మా ఆడపడుచు నోరు తెరిచింది. "గంత సదివి పన్నెండు వేలేనా?" పన్నెండులో తొమ్మిది పోతే మూడు. ఆ మూడు వేలతో బస్సెక్కాలా, తినాలా, ఫోను రీచార్జి చేయించుకోవాలా?

సర్కారు కొలువు వస్తే కథ వేరు. 2024లో తెలంగాణ వైద్య ఆరోగ్య రిక్రూట్‌మెంట్ బోర్డు 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. మూలవేతనమే 32,810 దగ్గర మొదలు. ఆ జీతంలో తొమ్మిది వేల కిస్తీ ఎవరికీ భారం కాదు. కానీ అలాంటి నోటిఫికేషన్ ఏటేటా రాదు, కిస్తీ మాత్రం నెలనెలా వస్తుంది. ఇంకో సంగతి, ఆ పోస్టుకు డీఎంఎల్‌టీ చేసినవాళ్లూ అర్హులే. అది రెండేళ్ల డిప్లొమా. అదే తలుపు దగ్గర నిలబడడానికి నాలుగేళ్లు, నాలుగు లక్షలు ఎందుకని నా ప్రశ్న.

బోధన్ నుంచి నిజామాబాద్ పాతిక కిలోమీటర్లు దాటితే ఎక్కువ. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఇంటి నుంచి పోయి వస్తే హాస్టలు ఖర్చు సున్నా. చేరే ముందు ఆ కాలేజీకి పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందా లేదా చూసుకుంటే చాలు. బోర్డుల మీద పెద్ద అక్షరాలతో పారామెడికల్ అని రాసుకున్నవన్నీ కాలేజీలు కావు.

నా మాటకు అడ్డం వచ్చే మాటలూ ఉన్నాయి, దాచను. 2021లో కేంద్రం ఈ చదువుల కోసమే ఒక చట్టం తెచ్చింది. అందులో తక్కువ గంటలు చదివినవాళ్లను, ఎక్కువ గంటలు చదివినవాళ్లను రెండు రకాలుగా చూశారు. రేపు డిగ్రీకి విలువ పెరగవచ్చు. ఎమ్మెస్సీ చదవాలన్నా డిగ్రీ కావాలి. డిగ్రీ ఉంటే మంచి సంబంధాలొస్తాయని మా ఆడపడుచు లెక్క. అప్పున్న పిల్లకు వస్తాయా అని నేను పైకి అనలేదు.

అసలు అప్పంటే మా వైపు జనానికి భయం లేదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ గానుగ ఆడిన రోజుల్లో చెరకు బిల్లు మీద పెండ్లిళ్లు చేశారు, బోర్లు వేశారు. బిల్లు ఆలస్యమైతే తిట్టుకునేవాళ్లు, అయినా ఏ కాలంలో వస్తుందో ఒక అంచనా ఉండేది. 2015 చివర ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు పోయి వరి, సోయా వచ్చాయి. అంచనా పోయింది గానీ అప్పు చేసే ధైర్యం మాత్రం అలాగే ఉండిపోయింది.

అట్లని అప్పే వద్దని నేననను. బంగారం కుదువబెట్టి పెండ్లి పందిరి వేయడం కంటే పిల్ల చదువుకు పెట్టడం నయం. అందులోనూ ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే నాలుగు లక్షలకు వడ్డీ ఒక్కటే నెలకు ఎనిమిది వేలు, అసలు కదలదు. దానికంటే బ్యాంకు ఎంతో మేలు. నా పట్టు ఒక్కటే. మొదటి జీతంలో కిస్తీ మూడో వంతు దాటకూడదు. పన్నెండు వేల జీతమైతే నాలుగు వేలు. ఆ నాలుగు వేల నుంచి వెనక్కి లెక్కేస్తే ఎంత అప్పు చేయొచ్చో తెలుస్తుంది. వడ్డీతో కలిపి రెండున్నర లక్షలకు మించదు. మనం కాలేజీ నుంచి లెక్క మొదలుపెడుతున్నాం, జీతం నుంచి మొదలుపెట్టాలి.

మాట్లాడినంతసేపూ పిల్ల నోరెత్తలేదు. పోయేటప్పుడు నోటుబుక్కులో ఆ కాగితం చింపి ఇవ్వమంది.

ఆదివారం నుంచి మా ఆడపడుచు ఫోన్ చేయలేదు. అలిగినట్టే ఉంది. పిల్ల మాత్రం నిన్న చేసింది. నిజామాబాద్‌లో డీఎంఎల్‌టీ చేసిన ఇద్దరు సీనియర్ల నంబర్లు సంపాదించిందట.

"జీతం ఎంతొస్తదని అడగాలంటే సిగ్గయితుంది అత్తా" అంది.

"నంబర్ పంపు, నేనడుగుతా" అన్నాను.