గిటారు పంపితే సరిపోతుందా?

పంక్ సంగీతం అనగానే మనలో చాలామందికి రంగు వేసి నిక్కబెట్టిన జుట్టు, చెవులు చిల్లులు పడే మోత, పాశ్చాత్య దేశాల కుర్రకారు గుర్తొస్తారు. హక్కుల గురించి మాట్లాడుకునే పత్రికలో దానికి చోటెందుకని ఎవరైనా అడగవచ్చు. పెద్ద నిధులు, దాతల షరతులు లేకుండా దేశాల మధ్య సంఘీభావం ఎలా కట్టుకోవచ్చో ఆ చరిత్ర చూపిస్తుంది. ఆ సంఘీభావంలో ఆడవాళ్లు ఎక్కడ జారిపోతారో కూడా చూపిస్తుంది. ఈ రెండూ మన ప్రశ్నలే.

1970ల మధ్యలో న్యూయార్క్, లండన్ నగరాల్లో వచ్చిన పంక్ చెప్పిన మాట సూటిగా ఉంటుంది. పాడటానికి పాండిత్యం అక్కర్లేదు, కంపెనీ అనుమతి అక్కర్లేదు, ఎవరి పాట వాళ్లే కట్టుకోవచ్చు. మొదటి రోజుల్లో స్త్రీలు ఉన్నా, రానురాను వేదికా మగవాళ్లదే, ముందు వరసా మగవాళ్లదే అయిపోయింది. 1991 ప్రాంతంలో అమెరికాలోని ఒలింపియా పట్టణంలోనూ, వాషింగ్టన్ డి.సి.లోనూ యువతులు దీన్ని నిలదీశారు. రయట్ గర్ల్ పేరుతో చిన్న పత్రికలు వేశారు. అత్యాచారం గురించీ, ఇంటి హింస గురించీ పాటలు కట్టారు. కచేరీల్లో అమ్మాయిలను ముందుకు రమ్మని పిలిచారు. 1993లో బికినీ కిల్ బృందం బ్రిటన్ వెళ్లి, అక్కడి హగ్గీ బేర్ బృందంతో కలిసి పర్యటించింది.

ఇలాంటి పర్యటనలు సాధారణంగా ఎలా జరుగుతాయో మనం గమనించాలి. హోటళ్లు ఉండవు. స్థానిక బృందాల వాళ్ల ఇళ్లలోనే పడక, వాళ్ల వంటింట్లోనే తిండి. డ్రమ్ములు, ఆంప్లిఫయర్లు ఒకరివి ఒకరు వాడుకుంటారు. గుమ్మం దగ్గర వసూలైన డబ్బు పెట్రోలు ఖర్చుకు పోతుంది. సారా వ్యతిరేక ఉద్యమంలో ఊరి నుంచి ఊరికి పాట మోసుకెళ్లిన మన కార్యకర్తలకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

అందరికీ ఈ అవకాశం సమానంగా ఉండదు. క్యూబా సంగతే చూడండి. 1962 నుంచి అమెరికా ఆంక్షలున్నాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలాక తిండికే కరువొచ్చింది. గిటారు తీగ తెగితే మరొకటి దొరకడం గగనమైన చోట పంక్ బృందాలు ఎలా వాయిస్తాయి? క్యూబాతో సంబంధాలు తెంచుకోని కెనడా నుంచి సాలిడారిటీ రాక్ అనే స్వచ్ఛంద బృందం విరాళంగా వచ్చిన వాయిద్యాలను అక్కడికి చేర్చింది. కెనడా బృందాలను క్యూబాకూ, క్యూబా బృందాలను కెనడాకూ తీసుకెళ్లే ప్రయత్నం చేసింది. నా దృష్టిలో ఈ రెండో పనే కీలకం. సామాను ఒక వైపే వెళితే అది దానం. మనుషులు రెండు వైపులా నడిస్తేనే స్నేహం. కానీ 2013 జనవరి దాకా క్యూబా పౌరులు దేశం దాటడానికి తమ ప్రభుత్వం నుంచే విడిగా అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది. పైగా అవతలి దేశం వీసా. ఒకరికి సెలవు ప్రయాణమైంది మరొకరికి నెలల తరబడి కాగితాల పోరాటం. సంఘీభావం గురించి మాట్లాడేవాళ్లు ఈ తేడాను కప్పిపుచ్చకూడదు.

ఈ బంధాల విలువ కష్టకాలంలో తెలుస్తుంది. 2011 డిసెంబరులో ఇండోనేషియాలోని బాందా ఆచేలో అనాథల సహాయార్థం జరిగిన పంక్ కచేరీ మీద పోలీసులు పడి 60 మందికి పైగా యువతను పట్టుకున్నారు. అబ్బాయిలకు గుండు కొట్టించారు, అమ్మాయిల జుట్టు కత్తిరించారు, చెరువులో ముంచారు. పది రోజులు ‘నైతిక శిక్షణ’ అన్నారు. దీన్ని సమర్థించిన ఉపమేయర్ ఒక స్త్రీ అన్నది కూడా మనం ఆలోచించాల్సిన విషయమే. లండన్, మాస్కోలలో పంక్‌లు నిరసన తెలిపారు. అమెరికాలోని సియాటిల్ నుంచి ఒక చిన్న రికార్డు సంస్థ, ఆచే యువత కోసం పాటలు రికార్డు చేసి పంపమని పిలుపునిచ్చింది. జుట్టునూ దుస్తులనూ నేరం చేసే అధికారం ఆడవాళ్లకు బాగా తెలిసినదే. కనుక ఆ గొంతులు మనకు పరాయివి కావు.

ఇక మన అసలు ప్రశ్న. విరాళంగా వచ్చిన గిటారు ఎవరి చేతికి వెళుతుంది? ‘బృందానికి’ అంటే ఆచరణలో మగవాళ్లకే. వాయిద్యం ఎవరింట్లో ఉంటుంది? రాత్రి సాధనకు ఎవరు రాగలరు? పర్యటనకు వెళితే పిల్లల్ని ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలు వేయని సంఘీభావం పాత పితృస్వామ్యాన్నే కొత్త మైకులో వినిపిస్తుంది. 2001లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మొదలైన బాలికల రాక్ శిబిరం దీనికి ఒక జవాబు చూపింది. అక్కడ వాయిద్యాలు అమ్మాయిల చేతికే వస్తాయి. డ్రమ్ములు కొట్టడం, పాట కట్టడం నేర్పేదీ స్త్రీలే. తర్వాత ఆ నమూనా ఎన్నో దేశాలకు పాకింది.

మన దగ్గరా రుజువుంది. జహీరాబాద్ దగ్గరి మాచునూరులో 2008లో దళిత మహిళలు సంఘం రేడియో ప్రసారాలు ప్రారంభించారు. వాళ్లకు యంత్రాలతో పాటు వాటిని నడిపే నేర్పూ అందింది. ఏం మాట్లాడాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. యంత్రం ఇచ్చి మాటను తమ దగ్గరే ఉంచుకునే దాతలను మనలో ఎంతమంది చూడలేదు?

అందుకే బయటి నుంచి వచ్చే సామానును గానీ, అతిథులను గానీ ఆహ్వానించే ముందు మన సంఘాలు కొన్ని మాటలు తేల్చుకోవాలి. సామాను స్త్రీల ఉమ్మడి ఆస్తిగా ఉండాలి. బాగుచేయడం కూడా నేర్పాలి. వచ్చినవాళ్లు మనల్ని పిలిచే బాధ్యత, వీసా ఖర్చుతో సహా, తీసుకోవాలి. పిల్లల సంరక్షణ పర్యటన ఖర్చులో భాగం కావాలి. వీటిని అడగడం కృతఘ్నత కాదు, మన హక్కు.