బిడ్డ కనబడకుంటే పరిధి అడుగుతరా?

బిడ్డ ఇంటికి రాలేదని కన్నతల్లి ఠాణా మెట్లెక్కితే దొరవారి మొదటి ప్రశ్న: "ఎవరితోనన్న పోయిందా?" రెండోది: "మీ ఊరు మా పరిధేనా?" ఈ రెండు ప్రశ్నల నడుమ ఎన్ని పానాలు పోయినయో లెక్క చెప్పెటోడెవడు?

హాజీపూర్‌ను మరిచిపోదామా? బొమ్మలరామారం మండలంల పదకొండేండ్ల పాప 2015లో మాయమైంది. నాలుగేండ్లు ఆచూకీ లేదు. 2019 ఏప్రిల్‌లో ఇంకో విద్యార్థిని శవం బావిలో దొరికినంకనే ఆ పాప ఎముకలూ బయటపడ్డయి. బస్సు లేక లిఫ్టు అడిగే పల్లెపిల్లల మీద ఎవరికి సోయి? అదే ఏడు నవంబరుల శంషాబాద్ పశువైద్యురాలి కుటుంబం ఠాణాల చుట్టూ తిరిగింది. తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేసిండ్రు. తర్వాతనే!

చట్టం లేకనా? తప్పిపోయిన పిల్లల ఫిర్యాదుపై ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013 మేలోనే చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ పరిధిల జరిగినా కేసు రాయాలె, కాపీ ఉచితంగ ఇయ్యాలె.

పట్నంల కెమెరాల గొప్పలు మస్తు వింటున్నం. కూలి ఇడిసిపెట్టి రోజూ ఠాణాకొచ్చే తండ్రికి కూసోమని కుర్చీ ఏదీ? వారానికోసారి ఫోన్ చేసి "ఇంతదాక ఇది చేసినం" అని చెప్పే ఒక్క అధికారిని పేరుతో సహా ప్రతి కుటుంబానికి కేటాయించాలె. ఛార్జీలు సర్కారు భరించాలె. ఇది మా డిమాండ్.

అప్పటిదాక తల్లులారా, తండ్రులారా, ఫిర్యాదు తీసుకోమంటే ఆ మాటే రాసియ్యమనుండ్రి. కాపీ చేతికి రాకుండ మెట్లు దిగకుండ్రి.