ఆటస్థలమును హరించి బాలుని నిందింతుమా?

నేడు మన పట్టణములలో ఏ యింట జూచినను ఒకటే మొఱ వినవచ్చుచున్నది. పిల్లవాడు సెల్‌ఫోను విడువడు, పిలిచిన పలుకడు, అన్నము తినుచును చూపు మరల్పడు, రాత్రి నిద్రపోడు, ఉదయమున లేవడు. తల్లిదండ్రులు బాలుని నిందించుచున్నారు. ఉపాధ్యాయులు తల్లిదండ్రులను నిందించుచున్నారు. ఈ నిందలలో నిజమెంత యున్నను, ముఖ్యమైన ప్రశ్న నెవ్వరును అడుగుటలేదు. ఆ ఫోను క్రిందబెట్టి బాలుడు వీధిలోనికి వచ్చినచో ఆడుకొనుటకు చోటెక్కడ నున్నది?

వ్యసనము లేదని మా యభిప్రాయము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో వీడియోగేముల వ్యసనమును చేర్చినది. 2019లో ఆమోదింపబడిన ఆ పట్టిక 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆటను అదుపు చేసికొనలేకుండుట, చదువుకంటెను నిద్రకంటెను ఆటయే మిన్నయగుట, కీడు కలుగుచున్నదని తెలిసియు మానలేకుండుట: ఈ లక్షణములు సాధారణముగా 12 నెలలు నిలిచినపుడే దానిని వ్యాధి యందురు. కావున సెలవులలో నాలుగు దినములాడిన ప్రతి బాలుని రోగి యనుట తగదు. నిజముగా చిక్కుకొనిన వానికి కావలసినది దెబ్బలు కాదు, వైద్యము. బెంగుళూరులోని నిమ్హాన్సు మానసిక వైద్యసంస్థ 2014లోనే ఇట్టివారికై ప్రత్యేక చికిత్సాలయమును నెలకొల్పినది.

రోగులు కొందరే, కదలిక లేని పిల్లలో, లెక్కకు మిక్కిలి. 146 దేశములకు చెందిన 16 లక్షల విద్యార్థుల వివరములను పరిశీలించి ఆ సంస్థ 2019లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 11 మొదలు 17 ఏండ్ల వారిలో నూటికి 81 మందికి చాలినంత వ్యాయామము లేదు. బాలురలో నూటికి 78 మంది, బాలికలలో 85 మంది. దినమునకు సగటున ఒక గంటసేపు ఒడలికి చెమటపట్టు శ్రమ కావలయునని ఆ సంస్థ చెప్పుచున్నది. ఆ ఒక్క గంట మన బాలుని దినచర్యలో ఎక్కడ? తెల్లవారకముందే ట్యూషను, పగలు బడి, సాయంకాలము మరల ట్యూషను, రాత్రి హోంవర్కు. వ్యాయామపు పీరియడును లెక్కల మాస్టరుకు ధారవోయు పాఠశాల లెన్ని లేవు?

ఇక వ్యాపారి సంగతి. ఈ ఆటలు ఊరక పుట్టినవి కావు. దినదినము వచ్చినవానికి బహుమానము, రానివానికి నష్టము. అందినట్లే యుండి జారిపోవు గెలుపు. తోడివారు వేచియున్నారను తొందర. చెడుగుడు చీకటిపడిన ఆగును. బిళ్ళంగోడు చేతులలసిన ఆగును. దీనికి ఆగుట యన్నది లేదు. ఒక వైపున 12 ఏండ్ల బాలుని మనస్సును, ఎదుట నిపుణులు కూర్చిన యంత్రమును నిలిపి, బాలుడోడెనని కోపించుట యేమి న్యాయము?

శాసనములు చాలునని కొందరందురు. పందెపు ఆన్‌లైను ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని శాసనము గావించినది. మంచిదే. కాని అది పట్టుకొనునది ధనమొడ్డు ఆటను. కాలమును మాత్రమే హరించు ఆట దానికి చిక్కదు. దక్షిణ కొరియా 2011లో 16 ఏండ్ల లోపువారికి అర్ధరాత్రి మొదలు ఉదయము 6 గంటల వఱకు కంప్యూటరు ఆటలను నిషేధించినది. పిల్లలు ఫోనునకు మరలిరి. నిషేధము ఫోను నంటలేదు. తుదకు ఆ ప్రభుత్వమే దానిని ఎత్తివేసినది.

మనకు అక్కరకు వచ్చు శాసనము వేఱొకటి కలదు, దానినే మఱచితిమి. 2009 నాటి విద్యాహక్కు చట్టము యొక్క అనుబంధము పాఠశాలకు ఆటస్థలముండవలయునని విధించినది. హర్యానాలో ఒక గ్రామపాఠశాల ఆటస్థలము ఆక్రమింపబడిన వ్యాజ్యెమున, ఆటస్థలము లేని పాఠశాల యుండరాదని సుప్రీముకోర్టు 2023లో స్పష్టపఱచి, ఆక్రమణను తొలగింపుమన్నది. మన యూళ్ళలో అంగళ్ళపై మేడలలో నడచు పాఠశాలలకు ఆ మాట వినబడలేదా? కోడి రామమూర్తిగారి బలమును కథలుగా చెప్పుకొనుట మనము మానలేదు. అట్టి బలమును పెంచు వ్యాయామశాలలను మాత్రము మాన్పుకొంటిమి.

కావున మహాజనులకు మా మనవి యిది. బిడ్డను బడిలో చేర్చునపుడు ర్యాంకుల పట్టికకు ముందు ఆటస్థలమును చూపుమని అడుగుడు. లేనిచో విద్యాశాఖాధికారికి వ్రాతమూలముగా తెలుపుడు. పురపాలక సంఘ సభ్యుడు ఓటడుగ వచ్చినపుడు, వార్డులోని ఖాళీస్థల మేమైనదో ప్రశ్నింపుడు. సాయంకాలమున ఒక గంటను ట్యూషను నుండి విడిపించి బాలురకును, బాలికలకును సమముగా నొసగుడు. రాత్రి ఫోనును పడకగదికి వెలుపల నుంచుడు; పెద్దల ఫోను సైతము అచ్చటనే యుండవలెను. ఇంత చేసిన పిమ్మట బాలుని మందలించు హక్కు మనకు కలుగును. అంతవఱకు మందలింపబడవలసినవారము మనమే.