పోరంబోకు

మన గ్రామపు లెక్కలలో పోరంబోకు అను మాట యొకటి కలదు. వాగుగట్టు, చెరువుగర్భము, డొంక, శ్మశానము మొదలుగా సర్కారునకు శిస్తు రాల్పని ఊరుమ్మడి నేల యెల్ల నా పద్దు క్రిందికే చేరును. ఆ మాట కచేరినుండి వీధికి దిగి, పనిపాటలు లేక తిరుగువానిని నిందించు తిట్టుగా మారుట భాషలోని చిత్రము. ఆ తిట్టు మరల నేలకే అంటుకొని, శిస్తు రాని భూమి సోమరి భూమి యని మనము నమ్ముట బుద్ధిలోని లోపము.

ఆ భూమి చేయు పని యెట్టిదో 2024 సెప్టెంబరు ఆరంభమున విజయవాడ కన్నులార చూచినది. మైలవరము కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు బుడమేరు ఏడాదిలో అధికభాగము మురుగుకాలువవలె సన్నగిల్లి యుండుటచే, దాని చెంతనున్న పల్లమంతయు ఖాళీ యని తలచి, ప్లాట్లు కోసి, వీధులు తీర్చి, సంసారములు నిలిపితిమి. వరదకు అతివృష్టియు, తెగిన గండ్లును కారణములే. కాని నిలుచుటకు చోటు లేని నీరే దానిని విపత్తుగా మార్చినది. సింగునగరు వీధులలో పడవలు తిరిగినవి. నీరు తీసిన పిమ్మట గోడలపై రొమ్ములోతున మిగిలిన బురదగీత, ఏ సర్వేయరును గీయ సాహసింపని సరిహద్దు.

వాగు చేరు చోటనైనను తావున్నదా? కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లమున నున్న కొల్లేరు, వచ్చిన వరదను పట్టి నిలిపి, ఉప్పుటేటి గుండ మెల్లగా సముద్రమునకు విడుచును. 1999లో అది అభయారణ్యమైనది. 2002లో చిత్తడినేలల రాంసార్ జాబితా కెక్కినది. ఐనను చేపలచెరువుల గట్లు సరస్సు గర్భమును గళ్లుగళ్లుగా పంచుకొన్నవి. 2006లో వానిని తెగగొట్టిరి. అవి మరల లేచినవి. కొల్లేటి ఆటపాకలోని గూడబాతులకు మిగిలిన తావు ఆ గట్ల నడుమనే.

మనుజులకు నిలువ నీడ వలదా యని అడుగువారు కలరు. వలయును. పల్లము చౌక గనుక పేదవాడు పల్లమునే కొనును. అమ్మినవాడు మెరకన నుండును. కావున దండన మొదట అమ్మినవానికిని, అనుమతి నిచ్చినవానికిని చెందవలెను. ప్రత్యామ్నాయ గృహము చూపక ముందు ఏ పేద యింటిమీదికిని యంత్రము పోరాదు. ముంపుగీత పటములలో దాగక, ప్రతి దస్తావేజుమీదను కొనువాని కంటబడునట్లు ముద్రితము కావలెను.

శిస్తు లేని భూమికి మన లెక్కలలో మఱియొక పేరును కలదు: మాన్యము. ఊరికి సేవ చేయువానికి, ఆ సేవకు ప్రతిఫలముగా శిస్తు విడిచి యిచ్చిన నేల యది. ఏటేట వరదను తనమీద పరచుకొని ఊరిని కాచు వాగుగట్టును ఇకనైన ఆ పద్దున వ్రాయుదము.