కిడ్నీలు చెప్పవు... మనమే అడగాలి

టీ వడకట్టే జాలీలో ఒక్క పోగు తెగినా కప్పులో పొడి తేలుతుంది. వెంటనే జాలీ మార్చేస్తాం. మన ఒంట్లోనూ అలాంటి వడపోత ఒకటుంది. అది దెబ్బతిన్నా కంటికి కనిపించదు. మార్చుకోవడమూ తేలిక కాదు.

పిడికిలంత ఉండే ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాల చుట్ట ఉంటుంది. దాని గోడ నీటిని, లవణాలను, వ్యర్థాలను వదులుతుంది. రక్తకణాలను, ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను ఆపుతుంది. ఇలా రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం వడపోతకు వస్తుంది. చుట్టను అంటిపెట్టుకుని ఉండే సన్నటి గొట్టం ఒంటికి కావాల్సినదంతా తిరిగి రక్తంలోకి పంపేస్తుంది. చివరికి మూత్రంగా బయటికొచ్చేది లీటరున్నర, రెండు లీటర్లే.

ఇంత సున్నితమైన నిర్మాణాన్ని అదుపులో లేని మధుమేహం, అధిక రక్తపోటు ఏళ్ల తరబడి దెబ్బతీస్తాయి. పోయిన నెఫ్రాన్ల చోట కొత్తవి పుట్టవు. మిగిలినవే ఆ భారాన్నీ మోస్తాయి. అందుకే నొప్పి తెలియదు, మూత్రం మామూలుగానే వస్తుంది. వడపోత సామర్థ్యం సగం దాకా తగ్గినా కొందరిలో రక్తంలోని క్రియాటినిన్ మామూలుగానే కనిపించొచ్చు. 'క్రియాటినిన్ నార్మల్' అన్న ఒక్క మాటతో నిశ్చింతగా ఉండిపోకూడదనేది ఇందుకే.

చాలామందిలో తొలి ఆనవాలు మూత్రంలో దొరుకుతుంది. గోడ ఆపాల్సిన ఆల్బుమిన్ కొద్దికొద్దిగా జారిపోవడం మొదలవుతుంది. మధుమేహం, బీపీ ఉన్నవారు ఏడాదికోసారైనా క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షా చేయించుకోవాలి. జ్వరం, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడూ ఇది పెరగొచ్చు. కాబట్టి ఒక్క ఫలితానికే కంగారుపడకుండా డాక్టర్ సలహాతో మళ్లీ చూపించుకోవాలి. ముందే పట్టుకుంటే నష్టాన్ని నెమ్మదింపజేసే మందులున్నాయి.

ఇంట్లో పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల మీదా ఓ కన్నేయండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి చేరే రక్తాన్ని తగ్గిస్తాయి. డాక్టర్ చెప్పకుండా రోజుల తరబడి వాడటం ముప్పే.

ఈసారి నాన్నగారిని షుగర్ పరీక్షకు తీసుకెళ్తున్నప్పుడు మూత్రంలో ఆల్బుమిన్ సంగతీ డాక్టర్‌ను అడగండి.