కిందివాడి మాట వినని చోట యంత్రం నిలబడదు

'మా కల్చర్ గొప్పది' అని టెక్నాలజీ కంపెనీలు గోడల నిండా రాసుకుంటాయి. సరే. మేం ఒక్కటే అడుగుతాం: మీ దగ్గర కిందివాడు లేచి 'ఇది తప్పు సార్' అంటే వాడి ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా?

1986 జనవరి 27 రాత్రి అమెరికాలో ఏం జరిగింది? ఛాలెంజర్ షటిల్‌కు బూస్టర్ రాకెట్లు చేసిన మోర్టన్ థయోకోల్ ఇంజనీర్లు మొత్తుకున్నారు. చలికి రబ్బరు రింగులు గట్టిపడతాయి, ఎగరేయొద్దన్నారు. నాసా అధికారులు విసుక్కున్నారు. 'ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకో' అన్నాడు కంపెనీ పెద్ద, ఇంజనీరింగ్ అధికారితో. తెల్లారి ఎగిరిన 73 సెకన్లకు షటిల్ ముక్కలైంది. ఏడుగురు పోయారు.

రోజర్ బోయిస్‌జోలీ 1985 జులైలోనే ఈ ప్రమాదం గురించి రాసిచ్చాడు. దర్యాప్తులో నిజం చెప్పాక సొంత కంపెనీలోనే వెలి అయ్యాడు. వెలి అంటే ఏమిటో మాకెవరూ చెప్పక్కర్లేదు!

2003లో కొలంబియా. మళ్ళీ ఏడుగురు. ఊడిపడిన నురుగు ముక్క ఎంత కారణమో నాసా సంస్కృతీ అంతే కారణమని దర్యాప్తు బోర్డే తేల్చింది.

తెలివి లేక కాదు, తెలిసినవాడి మాట పైకి పోక. వెనక బెంచీ పిల్ల ప్రశ్న అడిగితే 'కూర్చోవే' అనే పంతుళ్ళను మేం రోజూ చూస్తున్నాం. ఆ పిల్లే రేపు ఇంజనీరు. అక్కడా 'కూర్చో' అంటారా?

తప్పు చూపినవాడికి రక్షణ కావాలి. రాసిన హెచ్చరికకు రాతలోనే జవాబు కావాలి. ఈ రెండూ లేనిది కల్చర్ కాదు, దొరతనం!