ముప్పది పొట్లముల పాఠము

మన బిడ్డలు గాదెలను జూచి పెరిగినవారు. కూలివాని పొయ్యి యేల చల్లబడునో వారెరుగరు. ఉపన్యాసములవలన నీ యెరుక కలుగదు. పదుగురు కూడి చేయు పనివలన గలుగును.

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రాధాన్య కుటుంబములలో నొక్కొక్కరికి నెలకు 5 కిలోల తిండిగింజలను నిర్ణయించినది. యువజనులను ఐదుగురేసి గుంపులు చేసి, సంఘపు గిడ్డంగిలో నంత బియ్యము తూపించి, ముప్పది పొట్లములు కట్టింపుడు. ఒక్కొక్క పొట్లము 167 గ్రాములైనను తూగదు. దానివలన లభించునది సుమారు 600 కేలరీలు. కాయకష్టము చేయువానికి 2000కు పైగా వలయును. పప్పు, నూనె, కూరల ధరలను అంగడిలో విచారించి, యొక దినపు కూలితో నా కొరత తీరునేమో లెక్క వేయుమనుడు. పిదప, పని దొరకని దినమున నేమగునని యడుగుడు.

గిడ్డంగి నిండినంత మాత్రమున కడుపు నిండదని వారికి గోచరించును. 1943 నాటి బెంగాలు కరవు మొదలగువానిని పరిశీలించి, అమర్త్య సేన్ గారు 1981లో ప్రకటించిన గ్రంథమున వాదించినదియు నిదియే: ఆహారమున్నను దానిని పొందు శక్తి లేనివారు పస్తులుందురు.

ఒక్క హెచ్చరిక. పేదల వాకిళ్లకు బిడ్డలను వేడుక చూపుటకు కొనిపోరాదు. కూలివారి బిడ్డలును గుంపులో సమానముగ గూర్చుండవలెను. అయితే వారి యింటి లేమిని వారిచే జెప్పింపరాదు.

రేపు సంఘసభ్యులై కూలిరేట్లు నిర్ణయింపవలసినవారు ఈ యువకులే. ఆనాడు వారికా చిన్న పొట్లము జ్ఞప్తికి వచ్చిన జాలును.